సర్పంచమ్మా, డ్వాక్రా లీడరా: ఎవరి మాట చెల్లుతుంది?

పంచాయతీల్లో 73వ రాజ్యాంగ సవరణతో 1993 నుంచి మూడో వంతు, తర్వాత తెలుగు రాష్ట్రాల్లో సగం సీట్లు ఆడవాళ్లవే, కానీ చాలా ఊళ్లలో సర్పంచమ్మ సంతకం పెడుతుంటే పక్క కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తేది, కాంట్రాక్టరుతో బేరమాడేది ఆవిడ మొగుడే. పైగా తెలంగాణలో 2018 చట్టం చెక్ పవర్‌ని, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే హక్కుని, సర్పంచ్‌కి ఉపసర్పంచ్‌తో కలిపి ఇచ్చింది, ఆయన అలిగితే బిల్లు ఆగినట్టే.

డ్వాక్రా గ్రూపంటే పది పదిహేను మంది, అంతే. అయినా ముందు అప్పు ఎవరికన్నది అందరి ముందే తేలాలి, లెక్క తేడా వస్తే లీడర్‌ని పక్కింటావిడే పాస్‌బుక్ లాక్కుని నిలదీస్తుంది. (కులం, చుట్టరికం అక్కడా ఉంటాయి లెండి.) నన్నడిగితే ఆడవాళ్ల మాట చెల్లేది గ్రూపులోనే, కాకపోతే సీసీ రోడ్డు డబ్బులు పంచాయతీ దగ్గరుంటాయి.