ఆరేళ్ల వాడకం తరువాత ఆటోడాక్ వీనా

హైదరాబాదులోని ఒక ఔషధ పరిశోధనశాలలో ఆరేళ్లుగా దాదాపు ప్రతి వారం ఆటోడాక్ వీనాను వాడుతున్నాను. ఒక అణువు ప్రోటీన్ గుంటలో ఎలా ఇముడుతుందో, ఎంత గట్టిగా అతుక్కుంటుందో అంచనా వేసే డాకింగ్ సాఫ్ట్‌వేర్ ఇది. అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో ఒలెగ్ ట్రాట్, ఆర్థర్ ఓల్సన్ దీనిని రూపొందించారు. ఇది పూర్తిగా ఉచితం కావడంతో ఖరీదైన లైసెన్సులు కొనలేని కళాశాల ప్రయోగశాలలకు కూడా అందుబాటులో ఉంది.

ఏ కొత్త ప్రోటీన్‌తో పని మొదలుపెట్టినా, ముందుగా స్ఫటిక నిర్మాణంలో (ప్రయోగం ద్వారా నిర్ధారించిన ప్రోటీన్ త్రిమితీయ ఆకృతిలో) ఉన్న అణువును బయటికి తీసి, తిరిగి డాక్ చేసి, అది పాత స్థానానికి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కో ఆంగ్‌స్ట్రామ్ మీటరులో వెయ్యి కోట్లవ వంతు) లోపు చేరిందో లేదో సరిచూస్తాను. ఈ అలవాటును నాకు నేర్పినది నేను చేసిన ఒక తప్పు. అల్జీమర్స్ మందు డొనెపెజిల్ అతుక్కునే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ మీద పనిచేస్తున్నప్పుడు, ఆ మందు అణువులోని పైపెరిడిన్ అనే వలయంలో ఉన్న నత్రజనికి హైడ్రోజన్ చేర్చకుండానే ఫైళ్లు తయారుచేశాను. శరీరంలోని పీహెచ్ దగ్గర ఆ నత్రజని ప్రోటాన్‌తోనే ఉంటుంది. హైడ్రోజన్ లేకపోవడంతో వీనా దానిని హైడ్రోజన్ బంధానికి దాతగా (హైడ్రోజన్‌ను అందించే పరమాణువుగా) గుర్తించనే లేదు. రెండు వారాల లెక్కలన్నీ మళ్లీ మొదటినుంచి చేయవలసి వచ్చింది. లోపం నాదే. అయితే, ఇలాంటి తప్పుకు ఏ హెచ్చరికా రాదన్నది కొత్తవారు గుర్తుంచుకోవాలి.

అణువు కూర్చునే భంగిమ విషయంలో వీనా మీద నాకు మంచి నమ్మకం ఉంది, బంధన శక్తికి అంచనాగా అది ఇచ్చే స్కోరు మీద మాత్రం అంత లేదు. రూపకర్తలే 2010 నాటి తమ పత్రంలో బంధన శక్తి అంచనాకు మోల్‌కు 2.85 కిలోక్యాలరీల ప్రామాణిక దోషం ఉందని చెప్పారు. సుమారు 1.4 కిలోక్యాలరీల తేడాకే బంధన బలం పది రెట్లు మారుతుంది కనుక, ఆ దోషం దాదాపు వంద రెట్ల తేడాతో సమానం. స్కోరు ఎంత ఎక్కువ మైనస్‌లో ఉంటే బంధం అంత గట్టిదని వీనా అంచనా; అయినా మైనస్ 9.1 వచ్చిన అణువు మైనస్ 8.7 వచ్చినదానికన్నా మెరుగని నేను ఎవరికీ చెప్పను. పనికిరానివాటిని జల్లెడ పట్టడానికే స్కోరును వాడతాను.

పరిశీలించాల్సిన అణువుల లైబ్రరీ లక్షలు దాటినప్పుడు అన్నింటినీ డాక్ చేయకుండా, కొన్నింటి స్కోర్లను ఆర్డీకిట్ అనే రసాయన సాఫ్ట్‌వేర్‌లోని మోర్గన్ ఫింగర్‌ప్రింట్లతో (అణువు నిర్మాణాన్ని అంకెలుగా రాసే పద్ధతి) కలిపి ర్యాండమ్ ఫారెస్ట్ అనే మెషీన్ లెర్నింగ్ మోడల్‌కు నేర్పి, మిగతావాటిని దానితో అంచనా వేయిస్తున్నాను. సమయం బాగా కలిసివస్తుంది. కానీ పెద్ద అణువులకు మంచి స్కోరు ఇచ్చే వీనా మొగ్గును కూడా మోడల్ శ్రద్ధగా నేర్చుకుంటుంది. 2020లో ఎమ్‌ఐటీ బృందం హాలిసిన్ అనే అణువులోని యాంటీబయాటిక్ గుణాన్ని బయటపెట్టిన మోడల్ దారి వేరు: అది 2,335 అణువులను ఈ.కోలై బ్యాక్టీరియా మీద నిజంగా పరీక్షించి రాబట్టిన ఫలితాలతో నేర్చుకున్నది. కొలిచి తెచ్చిన అంకెకూ, లెక్కగట్టిన అంకెకూ మధ్య ఉన్న ఈ దూరం నా పనిలో రోజూ కనిపిస్తుంది.

అందువల్ల సంశ్లేషణకు (ప్రయోగశాలలో తయారీకి) పంపే ముందు చివరి జాబితాలోని ప్రతి అణువునూ తెర మీద తిప్పి చూస్తాను. గుంటలోని అమైనో ఆమ్లాలతో దాని హైడ్రోజన్ బంధాలు రసాయనపరంగా అర్థవంతంగా లేకపోతే, స్కోరు ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తాను.