ఫొటో ఎడిటింగ్: స్లైడర్లా, లేయర్లా, ఏఐనా? ఏది మేలు?

ఫొటోషాప్ మొదటి వెర్షన్ 1990లో మ్యాకింటాష్ మీద వచ్చినప్పుడు అందులో లేయర్లు, అంటే ఒకదానిపై ఒకటి పరిచి విడివిడిగా మార్చుకునే పొరలు, లేవు. బ్రష్ నడిపితే ఆ పిక్సెళ్లు మారిపోయినట్టే. వెనక్కి వెళ్లాలంటే ఒక్క అడుగే. 1994లో మూడో వెర్షన్‌తో లేయర్లు, 1998లో ఐదో వెర్షన్‌తో చాలా అడుగులు వెనక్కి వెళ్లనిచ్చే హిస్టరీ వచ్చాక ఆ టెన్షన్ తగ్గింది. ఏ ఎడిటర్‌ని చూసినా నేను మొదట అడిగేది ఇదే: రేపు మనసు మారితే ఇవాళ్టి పనిని సరిదిద్దుకోగలనా?

ఆ లెక్కన 2007లో వచ్చిన, స్లైడర్లు జరిపి పనిచేసే లైట్‌రూమ్‌ది పైచేయి. అది అసలు ఫొటోని ముట్టుకోదు. వెలుతురు ఎంత పెంచాం, ఎక్కడ క్రాప్ చేశాం అన్నది మాత్రం విడిగా రాసి పెట్టుకుంటుంది. ఏడాది తర్వాత స్లైడర్లన్నీ రీసెట్ చేసినా పాత ఫొటో ఉన్నదున్నట్టు తిరిగొస్తుంది. వందల ఫొటోలకు ఒకే రంగు సర్దుబాటు చేయాలన్నా ఇదే హాయి.

కానీ రెండు ఫొటోలను కలిపి ఒకటి చేయాలంటే లేయర్లున్న ఎడిటర్ దగ్గరికే రావాలి. అక్కడ రంగుల్ని నేరుగా ఫొటో మీద కాకుండా మార్పుల్ని మాత్రమే పట్టుకునే అడ్జస్ట్‌మెంట్ లేయర్‌లో మార్చాలి, ఇరేజర్ బదులు చెరపకుండా దాచిపెట్టే మాస్క్ వాడాలి. పని అంతా చేసి లేయర్లు నిలవని జేపెగ్ ఫైల్ ఒక్కటే దాచుకునేవాళ్లు ఎంత కొత్త సాఫ్ట్‌వేర్ వాడినా 1990లో ఉన్నట్టే!

ఇక డబ్బు సంగతి. 2013 నుంచి ఫొటోషాప్ తయారుచేసే అడోబీ దాని కొత్త వెర్షన్లను చందా పద్ధతిలోకి మార్చేసింది. రోజూ ఈ పని మీదే సంపాదించేవాళ్లకు చందా గిట్టుబాటవుతుంది, ఎప్పుడో ఒకసారి తెరిచేవాళ్లకు దండగ. వాళ్లకు 1996 నుంచి ఉచితంగా దొరుకుతున్న ఎడిటర్ గింప్ ఉంది. ఫిల్టర్ వేశాక మళ్లీ మార్చుకోలేకపోవడం దాని పాత లోటు. 2025లో వచ్చిన 3.0 వెర్షన్ ఆ లోటు చాలావరకు తీర్చింది. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా ఫొటోషాప్ సొంత పీఎస్‌డీ ఫైల్ తెరవాలంటే బ్రౌజర్‌లో ఫొటోపీ చాలు.

ఏఐ విషయంలో మాత్రం కాస్త ఆగాలి. ఫొటోషాప్‌లో 2010 నాటి కంటెంట్ అవేర్ ఫిల్ ఖాళీని ఆ ఫొటోలోని భాగాలతోనే పూడ్చేది. 2023లో వచ్చిన ఏఐ జెనరేటివ్ ఫిల్ మనం టైప్ చేసిన మాటను బట్టి ఫొటోలో లేనిదాన్ని కూడా పుట్టిస్తుంది. ఫలితం వేరే లేయర్‌లోనే పడుతుంది కాబట్టి వద్దనుకుంటే తీసేయొచ్చు. అయితే అదే మాట మళ్లీ చెబితే ఇంకో బొమ్మ ఇస్తుంది. స్లైడర్‌లా కొంచెం అటూ ఇటూ జరపడం కుదరదు. ఆకాశంలో అడ్డొచ్చిన తీగను తీసేయడానికి దాన్ని నిస్సంకోచంగా వాడతాను, ముఖాల మీద వాడను. గ్రూప్ ఫొటోలో ఒకరు కళ్లు మూసుకుంటే, పక్క షాట్‌లోంచి ఆ మనిషి కళ్లే తెచ్చి మాస్క్‌తో అతికిస్తాను. పక్క షాట్ లేకపోతే కళ్లు మూసుకున్న ఫొటోనే ఇచ్చేస్తాను.