లిబ్రేఆఫీస్ రిలీజ్ నోట్స్: ఏళ్ళ తరబడి చదువుతున్నవాడి మాట

లిబ్రేఆఫీస్ అంటే ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్, దాని మీద సమీక్షలకేం కొదవలేదు. నేను రాస్తున్నది దాని రిలీజ్ నోట్స్ గురించి, అంటే కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే పేజీ గురించి. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర మాది డీటీపీ, జిరాక్స్ షాపు. అద్దె అగ్రిమెంట్లు, అర్జీలు అందులోని రైటర్‌లో కొడతాం, లాడ్జీల లెక్కలు ఎక్సెల్ లాంటి క్యాల్క్‌లో వేస్తాం. కొత్త వెర్షన్ రాగానే షాపులో పిల్లోడు "అన్నా, ఎక్కించేదా?" అంటాడు. "ఉండప్పా, నోట్స్ చూడనీ" అంటాను.

పెద్ద వెర్షన్లు ఏడాదికి రెండు, ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. 2024 నుంచి నంబరులోనే నెల తెలిసిపోతుంది: 24.2 అంటే 2024 ఫిబ్రవరి. అంతకుముందు 7.6 అంటే ఎప్పటిదో ఎవరికి తెలుసు?

నోట్స్‌లో రైటర్‌కి వేరుగా, క్యాల్క్‌కి వేరుగా భాగాలుంటాయి. స్లైడ్లు చేసే ఇంప్రెస్‌తో నాకు పనిలేదు, దాటేస్తా. కంటికి కనబడే మార్పయితే చాలాచోట్ల పక్కనే స్క్రీన్‌షాట్ కూడా పెడతారు. 24.8లో క్యాల్క్‌కి ఎక్స్‌లుకప్ (పట్టికలో ఒకదాన్ని వెతికి దాని ఎదురుగా ఉన్నది తెచ్చిపెట్టేది), ఫిల్టర్, సార్ట్ ఫంక్షన్లు వచ్చాయని అక్కడే చదివాను. లాడ్జీవాళ్ళు పంపే ఎక్సెల్ ఫైళ్ళలో ఎక్స్‌లుకప్ లేనిది ఉండదు, కాబట్టి ఆ రోజే ఎక్కించాం. 24.2లో ఆటోరికవరీ (మధ్యలో ఆగిపోయిన ఫైలుని తిరిగి తెచ్చేది), బ్యాకప్ కాపీ రెండూ మనం పెట్టకపోయినా ఆన్‌లోనే ఉంటాయన్నారు. మా వీధి కరెంటు సంగతి తెలిసినవాళ్ళకి ఆ ఒక్క ముక్క చాలు.

నా తగాదా అంతా వరస గురించే. 25.8 నుంచి విండోస్ 7, 8, 8.1 మీద నడవదు. ఆ మాట 25.2 నోట్స్‌లోనే ముందుగా చెప్పారు, మెచ్చుకోవాలి. కానీ చెప్పిందెక్కడ? పేజీ అడుగున. పాత మిషన్లతో నెట్టుకొచ్చేవాడికి అన్నిటికన్నా పైన కావలసింది అదే. పైగా ప్రతి మార్పు పక్కనా బగ్ (లోపం) నంబరు, చేసినవాళ్ళ పేరు, కంపెనీ పేరు. పనిచేసినవాళ్ళ పేరు వేయాల్సిందే, కాదనను. చదివే కన్ను మాత్రం అక్కడల్లా ఆగిపోతుంది.

మధ్యలో వచ్చే చిన్న వెర్షన్ల నోట్స్ అయితే ఉత్త బగ్గుల జాబితా. ఫిర్యాదు చేసినవాళ్ళు పెట్టిన శీర్షికే అచ్చంగా దించేస్తారు. "ప్రింట్‌లో చివరి కాలమ్ రావట్లేదు" అని ఉందనుకోండి, కొత్తగా చదివేవాడు ఏమనుకోవాలి? ఇంకా రావట్లేదనే కదా! "అడ్డం పేజీ ప్రింట్‌లో పోతున్న చివరి కాలమ్ ఇప్పుడు వస్తుంది" అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఏ సందర్భంలో, ముందెలా ఉండేది, ఇప్పుడెలా ఉంది: మూడూ అందులోనే ఉన్నాయి.

ఇంత సణిగినా, మా ఫోన్‌లోని బిల్లింగ్ యాప్‌తో పోలిస్తే ఇది బంగారం. దానికి ఎప్పుడు చూసినా "బగ్ ఫిక్సెస్, పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్స్". ఒక అప్‌డేట్‌తో బిల్లు సైజు ఏ4కి మారిపోయి, బ్రహ్మోత్సవాల రద్దీలో చిన్న ప్రింటర్ మూర కాగితాలు కక్కింది. ప్లేస్టోర్ 500 అక్షరాల చోటు ఇస్తుంది. "బిల్లు సైజు మారింది, సెట్టింగ్స్‌లో చూసుకోండి" అనడానికి ఏం పోయింది?

లిబ్రేఆఫీస్ నోట్స్‌ని నేను అడుగు నుంచి చదువుతాను: తీసేసినవి, ఏ విండోస్ మీద నడుస్తుందన్నది, ఆ తర్వాత క్యాల్క్, చివరికి రైటర్. మరీ అవసరమైంది ఏదీ లేకపోతే షాపు మిషన్లలోకి రెండో మూడో చిన్న వెర్షన్ వచ్చాకే ఎక్కిస్తాం.