చిగుళ్ల పైన పాచి, చిగుళ్ల కింద పాచి

నల్లగొండలో పళ్ల డాక్టర్ మా నాయిన పన్నుకీ చిగురుకీ మధ్య గీతలున్న సన్నటి కడ్డీ దింపి "ఆరు" అన్నారు. చిగురు బాగుంటే ఆ లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లే.

పైన పాచికి గాలి తగులుతుంది, లాలాజలం కడుగుతూ ఉంటుంది. దాని తిండి మన చాయ్‌లో చక్కెర. స్ట్రెప్టోకాకస్ లాంటి బ్యాక్టీరియాలు అది తిని ఆమ్లం వదులుతాయి, పన్ను పుచ్చుతుంది. మా జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తెచ్చిన మచ్చలూ పంటి పైపొరవే, చిగుళ్ల జబ్బు వేరు.

కింద సంగతి పూర్తిగా వేరు. ఆక్సిజన్ చాలా తక్కువ, లాలాజలం లోపలికి పెద్దగా పోదు. చిగురు నుంచి ఊరే ద్రవంలోని ప్రోటీన్లే అక్కడ తిండి. వాటిని విరగ్గొడితే వచ్చేది కంపు. చిగురు వాచేకొద్దీ ఆ ద్రవం ఇంకా ఊరుతుంది, నెత్తురూ కలుస్తుంది. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియాకు నెత్తురులోని ఇనుము కావాలి. అంటే దాన్ని తరమడానికి వచ్చిన వాపే దానికి అన్నం పెడుతోంది! నాకైతే ఇదే అన్యాయం అనిపించింది.

పాచి గట్టిపడితే అయ్యే గార రంగు కూడా వేరే. పైది పసుపు, లోపలిది నల్లగా, రాయిలా అంటుకుని ఉంటుంది.

"రోజూ వేపపుల్ల వేస్త గదా" అన్నాడు నాయిన. పైదానికి సరే, 6 మిల్లీమీటర్ల లోతుకు వేపపుల్లా పోదు, బ్రష్షూ పోదు. డాక్టర్ గీకి తీసిన నల్లటి పెచ్చును దూది మీద పెట్టి చూపించాక ఇంకేం మాట్లాడలేదు.