చవక డ్రై ఫ్లై హుక్‌లతో జాగ్రత్త: కట్టకముందే కన్ను చూడండి

ట్రౌట్ చేపల కోసం డ్రై ఫ్లైలు (హుక్ మీద ఈకలు, దారంతో కట్టే, నీటి మీద తేలే పురుగులాంటి ఎరలు) సొంతంగా కట్టుకునే వాళ్లందరికీ ఈ హెచ్చరిక. వంద హుక్‌ల ప్యాకెట్ చవగ్గా వస్తోందని కనిపించగానే కొనేయకండి. నేను అలాగే కొన్నాను. 16 సైజు, మీద ‘డ్రై ఫ్లై’ అన్న మాట తప్ప మరేమీ లేదు. మోడల్ నంబర్ లేదు, తీగ ఎంత సన్నమో లేదు, షాంక్ (హుక్‌లోని నిటారు కాడ) పొడవు లేదు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

రెండు సాయంత్రాలు కూర్చుని వాటి మీద రెండు డజన్ల ఆడమ్స్ రకం ఫ్లైలు కట్టాను. పొదుపుగా వాడుకుంటూ వచ్చిన మంచి హ్యాకిల్ ఈకలన్నీ వాటికే పెట్టాను.

మొదటి చేప పైకి వచ్చి ఫ్లైని అందుకుంది. రాడ్ ఎత్తాను, చేతికి బరువు తెలిసింది, అంతలోనే లైన్ వదులైపోయింది. టిప్పెట్ (ఫ్లైని కట్టే, లైన్ చివరి సన్నని తీగలాంటి దారం) కొస ఉంగరాలు తిరిగి ఉంది. అంటే ముడి జారింది. తప్పు నాదే అనుకుని, ఈసారి ముడిని తడిచేసి నిదానంగా బిగించాను. రెండో చేపా పోయింది. ఇప్పుడు కొస బ్లేడుతో కోసినట్టు ఉంది. మూడోది దాదాపు వలదాకా వచ్చి తప్పించుకుంది. ఫ్లై మాత్రం తిరిగొచ్చింది, కానీ హుక్ వంపు సాగిపోయి గుండుసూదిలా తయారైంది.

ఇంటికొచ్చి మిగిలిన హుక్‌లను భూతద్దం కింద పెట్టాక అసలు సంగతి బయటపడింది. హుక్ కన్ను, అంటే టిప్పెట్‌ను కట్టే చిన్న వలయం, పూర్తిగా మూసుకోలేదు. తీగ కొస షాంక్‌ను తాకాల్సిన చోట సన్నని సందు ఉంది. 6ఎక్స్ అనే సైజు టిప్పెట్ మందం 0.127 మిల్లీమీటర్లే, ఆ సందులోంచి సులువుగా జారిపోతుంది. జారకపోతే, నునుపు చేయని ఆ తీగ కొసే దాన్ని కోసేస్తుంది. వంద హుక్‌లూ ఇలా లేవు, కొన్ని బాగానే ఉన్నాయి. కానీ ఏది మంచిదో ఏది కాదో మామూలు కంటికి తెలియదు, దారం చుట్టేశాక అసలే తెలియదు.

వంపు సాగడానికి కారణం వేరు. ఉక్కును గట్టిపరిచి, తర్వాత మళ్లీ తగినంత వేడి చేసి పెళుసుతనం తగ్గించాలి. ఆ పని సరిగ్గా చేయకపోతే హుక్ మెత్తగా వంగిపోతుంది, లేదంటే పుటుక్కున విరుగుతుంది. నా ప్యాకెట్‌లో రెండు రకాలూ ఉన్నాయి. బార్బ్‌ను (మొన వెనకాల ఉండే ముల్లును) ప్లయర్‌తో నొక్కుతుంటే రెండు హుక్‌ల మొనలు ఊడొచ్చాయి. అదే చేప నోట్లో విరిగి ఉంటే? తలుచుకుంటేనే బాధేస్తుంది.

తీగ కూడా మందం. డ్రై ఫ్లై తేలాలంటే హుక్ తేలికగా ఉండాలి. మంచి హుక్‌ల మీద ‘1ఎక్స్ ఫైన్’ అని కనిపిస్తే, ఒక సైజు చిన్న హుక్‌కు వాడే సన్నని తీగతో చేశారని అర్థం. నా ఆడమ్స్ లైన్‌ను నాలుగైదుసార్లు విసరగానే మునగడం మొదలుపెట్టాయి.

అందుకే నా మాట విని, ప్యాకెట్ చేతికి రాగానే ఏదీ కట్టకముందే ఒక పది హుక్‌లు తీయండి. కన్నును వెలుతురుకు పట్టి భూతద్దంతో చూడండి. మొనను గోటి మీద మెల్లగా లాగండి, పట్టుకోవాలి తప్ప జారకూడదు. తర్వాత హుక్ వంపును వైస్‌లో (ఫ్లై కట్టేటప్పుడు హుక్‌ను పట్టి ఉంచే పరికరంలో) బిగించి, షాంక్‌ను వేలితో కిందికి నొక్కి వదలండి. మంచిదైతే టింగుమని మళ్లీ తన చోటికి వస్తుంది. వంగి అక్కడే ఆగినా, విరిగినా, ఆ ప్యాకెట్ పనికిరాదు. ఈ పరీక్ష చేసేటప్పుడు కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోండి.

చవకవన్నీ చెడ్డవని నేను అనను. తక్కువ ధరలోనూ మోడల్ నంబర్, తీగ, షాంక్ వివరాలు స్పష్టంగా ఇచ్చేవాళ్లున్నారు. మొదట పాతిక హుక్‌ల చిన్న ప్యాకెట్టే కొనండి. రివ్యూల్లో ‘త్వరగా వచ్చింది, మెరుస్తోంది’ అన్నవాటిని పక్కనపెట్టి, చేప పట్టాక రాసినవి వెతకండి. వాపసు షరతులు కూడా ముందే చదవండి. నేను అడిగితే, ప్యాకెట్ విప్పేశారు కాబట్టి తీసుకోం అన్నారు.

ఇలాంటి హుక్‌ల మీద ఇప్పటికే కట్టేసి ఉంటే, చిన్న సందును జిగురు చుక్కతో మూసి, అది ఆరేలోపే సూదితో కన్ను తెరిచి ఉంచవచ్చు. మెత్తటి హుక్‌కు మాత్రం మందు లేదు. నేను వాటిని బ్లేడుతో విప్పేసి, హుక్‌లను మూత బిగించిన డబ్బాలో వేసి పారేశాను. ఈకల్లో తిరిగి వాడుకోదగ్గది ఒక్కటీ మిగల్లేదు.