ఆవిరి ఇంజన్లు నేర్పే పాఠాలు: ‘ది రైల్వే సిరీస్’ పుస్తకాల సమీక్ష

మాట్లాడే వాహనాలతో పిల్లలకు బుద్ధులు చెప్పే పుస్తకాలకు కొదవ లేదు. అయితే వాటిలో చాలావరకు వాహనం పేరుకే వాహనం. లారీ ఉన్న చోట కుందేలును పెట్టినా కథలో మార్చవలసిందేమీ ఉండదు. ఇంగ్లండుకు చెందిన ఆంగ్లికన్ మతాచార్యుడు విల్బర్ట్ ఆడ్రీ 1945లో మొదలుపెట్టిన ‘ది రైల్వే సిరీస్’ ఈ లోపానికి దూరంగా ఉంది. తట్టు సోకి పడకలో ఉన్న కొడుకు క్రిస్టఫర్‌కు చెప్పిన కథలతో పుట్టిన ఈ వరుసలో 1972 నాటికి ఆయన 26 పుస్తకాలు రాశారు. వాటిని నేను గట్టిగా సిఫారసు చేయడానికి ప్రధాన కారణం, వాటిలోని మంచి కథల్లో నీతి ఇంజను పనిచేసే తీరులోనుంచే పుట్టడం.

1946లో వచ్చిన రెండవ పుస్తకం ‘థామస్ ది ట్యాంక్ ఇంజిన్’ ఇందుకు చక్కని నిదర్శనం. స్టేషనులో రైలు పెట్టెలు తెచ్చిపెట్టే చిన్న ఇంజను థామస్, ఎక్స్‌ప్రెస్ రైలు లాగే గోర్డన్‌ను పనిలేనివాడని ఆటపట్టిస్తుంది. మర్నాడు రైలు కదలడానికి వెనుకనుంచి తోస్తున్న థామస్‌ను విడదీయకముందే గోర్డన్ బయలుదేరడంతో, ఆ వేగాన్ని అందుకోలేని చిన్న ఇంజను దారి పొడవునా ఈడ్చుకుపోబడుతుంది. ఎదుటివారి శ్రమను తెలియకుండా ఎగతాళి చేయరాదన్న మాట ఎవరూ నోటితో చెప్పనవసరం లేకుండానే, ఆ శ్రమ ఎంతటిదో థామస్ చక్రాలకే తెలిసివస్తుంది. అదే పుస్తకంలో మరో కథలో గూడ్సు వ్యాగన్లను తొందరపెట్టిన థామస్‌ను, దిగుడు వచ్చేసరికి ఆ వ్యాగన్లే వెనుకనుంచి నెట్టుకుపోతాయి. ఆ కాలపు బ్రిటిష్ గూడ్సు రైళ్లలో చాలావాటికి ప్రతి వ్యాగనుకూ పనిచేసే బ్రేకులు ఉండేవి కావు. భారాన్ని ఆపవలసింది ఇంజను, చివర ఉన్న గార్డు పెట్టె మాత్రమే. అందువల్ల వ్యాగన్ల అల్లరి పిల్లలకు వినోదంగా తోచినా, దాని అడుగున ఉన్న ప్రమాదం నిజమైనది. పట్టాల మీద నిజంగా జరగగలిగినవే రాయాలని ఆడ్రీ పెట్టుకున్న పట్టుదల ఈ కథలకు గొప్ప బలం.

మొదటి పుస్తకం ‘ది త్రీ రైల్వే ఇంజిన్స్’ విషయంలో నా మెప్పు అంత నిండుగా లేదు. వానకు తన ఆకుపచ్చ రంగు పాడవుతుందని హెన్రీ అనే ఇంజను సొరంగంలోనుంచి బయటికి రానంటే, అధికారి దాన్ని అక్కడే ఉంచి ఎదుట గోడ కట్టిస్తాడు. పైగా ఆ శిక్ష తగినదే కదా అని రచయిత పాఠకుణ్ణి అడుగుతాడు. తరువాతి కథలో చెడిపోయిన గోర్డన్ రైలును లాగడానికి హెన్రీని బయటికి తీసుకువస్తారన్నది నిజమే గాని, ఆ రెండు కథల నడుమ పుస్తకం మూసేస్తే పసివాడి మనసులో మిగిలేది భయమే. ఇక్కడ నీతి యంత్రంలోనుంచి రాలేదు, అధికారం పైనుంచి వచ్చి పడింది.

మరొక అభ్యంతరం ఈ వరుస అంతటికీ వర్తిస్తుంది. పనికివచ్చే ఇంజనే మెప్పు పొందుతుంది. ఇంజను విషయంలో అది సహజమే. కానీ తనను తాను ఆ ఇంజనుగా ఊహించుకునే పిల్లవాడు, పని చేసినప్పుడే తనపై ప్రేమ ఉంటుందని అనుకోకుండా చూడవలసిన బాధ్యత చదివి వినిపించే పెద్దలది. తొలినాటి పుస్తకాల్లో ఇంజన్లన్నీ మగవి, ప్రయాణికుల పెట్టెలు ఆడవి కావడం కూడా నేటి తల్లిదండ్రులకు రుచించదు.

చిన్న వాక్యాలు, పెట్టెలూ వ్యాగన్లూ వల్లించే మాటల్లోని లయ వీటిని పైకి చదవడానికి ఎంతో అనువుగా చేశాయి. 1984లో మొదలైన టెలివిజన్ రూపం ద్వారా థామస్‌ను ఎరిగిన పిల్లలకు కూడా మూల కథలను పరిచయం చేయడం మంచిది. నాలుగైదేళ్ల పిల్లలకైతే రెండవ పుస్తకంతో మొదలుపెట్టండి. మొదటిదాన్ని ఆ తరువాత తీసుకుని, హెన్రీ కథ చదివిన రోజునే దాని తరువాతి కథ కూడా పూర్తి చేసి, ఆ శిక్ష తగినదేనా అన్న ప్రశ్నకు జవాబును పిల్లలనే చెప్పనివ్వండి.