పికప్ పోయి మళ్లీ వచ్చే పాత డీజిల్ కారు: ఓబీడీ అడాప్టర్‌తో ఆరేళ్లు

నా డీజిల్ కారు 2013 చివర్లో కొన్నది. మీటరు ఇప్పుడు 1,68,000 కిలోమీటర్లు చూపిస్తోంది. స్టీరింగు కింద ఉండే సాకెట్‌లో గుచ్చి, ఇంజిన్ కంప్యూటర్‌లోని రీడింగులను బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపే చిన్న ఓబీడీ అడాప్టర్‌ను 2019 నుంచి ఇందులో వాడుతున్నాను. పాత డీజిల్ బండ్లు నడిపేవాళ్లు చాలామంది నాలాగే అవస్థ పడుతున్నారు. దారిలో ఉన్నట్టుండి పికప్ పోతుంది, తీరా గ్యారేజీకి తీసుకెళితే బండి ఏ లోపమూ లేనట్టు నడుస్తుంది. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

మొదటిసారి విజయవాడ హైవే మీద, సూర్యాపేట దాటాక జరిగింది. లారీని దాటడానికి పక్క వరుసలోకి వచ్చాను. పెడల్ పూర్తిగా తొక్కినా ఇంజిన్ లాగలేదు. ఆగిపోనూ లేదు, 2,500 ఆర్‌పీఎం మించి పోనూ లేదు. వెనక బస్సు హారన్ మోగిస్తుంటే మెల్లగా పక్కకు తీసి ఆపాను. తాళం తీసి, ఒక నిమిషం ఆగి మళ్లీ స్టార్ట్ చేస్తే ఎప్పటిలాగే పరుగెత్తింది. వారం రోజుల దాకా మళ్లీ ఆ జాడ లేదు.

తాళం తీసి పెడితే బాగుపడిందంటే దానికో అర్థం ఉంది. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ ఏదో ఒక కొలత తేడాగా కనిపించగానే శక్తిని తానే తగ్గించి ఇంజిన్‌ను కాపాడుకుంటుంది. తిరిగి స్టార్ట్ చేస్తే కొత్తగా లెక్క మొదలుపెడుతుంది. కానీ ఆ తేడా ఏమిటో కోడ్ రూపంలో దాచి ఉంచుతుంది. చెక్ ఇంజిన్ లైటు ఆరిపోయినా కోడ్ కొంతకాలం ఉంటుంది. మన దేశంలో కొత్త కార్లకు ఈ రీడింగులు, కోడ్‌లు బయటికిచ్చే ఓబీడీ-2 పద్ధతి తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకుముందు తయారైన బండ్లలో అన్ని రీడింగులూ వస్తాయన్న హామీ లేదు, కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

నాకు వచ్చిన కోడ్ పి0299. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఇవ్వాల్సినంత ఒత్తిడి ఇవ్వడం లేదని అర్థం. టర్బోయే పోయిందేమోనని భయపడ్డాను. దానికి ముందు ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, ఇన్‌టేక్ ప్రెషర్, అంటే ఇంజిన్‌లోకి పోయే గాలి ఒత్తిడి చూడాలి. అది ఆ ఊరి వాతావరణ పీడనానికి సరిపోవాలి. హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గర 95 కిలోపాస్కల్ చూపించింది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి అది సరైన లెక్కే. విజయవాడలో అదే సెన్సర్ 100 చూపించింది. అంటే సెన్సర్ నిజమే చెబుతోంది. ఇక వెతకాల్సింది గాలి దారిలో. టర్బో పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే రబ్బరు పైపు మీద క్లాంపు పక్కన నూనె జిడ్డు, దాని కింద గోటితో విప్పితే తెరుచుకునే చీలిక. పైపు మారిస్తే సరిపోయింది.

2022లో వచ్చింది అసలు తలనొప్పి. ఈసారి కోడ్ పి0087, అంటే నాజిళ్లన్నింటికీ డీజిల్ అందించే గొట్టం, రైల్‌లో ప్రెషర్ తక్కువ. ఒక గ్యారేజీలో డీజిల్ ఫిల్టర్ మార్చారు. పదిహేను రోజులు బాగుంది. మళ్లీ మొదలయ్యాక నాజిళ్లు, హై ప్రెషర్ పంపు మార్చాలని 70,000 రూపాయల లెక్క చేతిలో పెట్టారు. ఈ కోడ్ ఏ భాగం పేరూ చెప్పదు. ఫిల్టర్ మూసుకున్నా, పైపులో గాలి చేరినా, పంపు అరిగినా, ప్రెషర్ వాల్వు ఇరుక్కున్నా, నాజిళ్లు డీజిల్‌ను ఎక్కువగా వెనక్కి వదిలినా, వచ్చేది ఇదే కోడ్. అందుకే కోడ్ చదివి భాగాలు మార్చేవాళ్ల దగ్గర డబ్బు ఖర్చవుతుంది గానీ జబ్బు పోదు.

వచ్చి పోయే లోపాన్ని అది వచ్చిన క్షణంలోనే పట్టుకోవాలి. ఇక్కడే ఈ అడాప్టర్ విలువ నాకు తెలిసింది. ఆర్‌పీఎం, ఇంజిన్ లోడ్, ఇన్‌టేక్ ప్రెషర్, రైల్ ప్రెషర్ ఈ నాలుగే ఎంచుకుని రికార్డు పెట్టాను. పది రీడింగులు ఒకేసారి అడిగితే అడాప్టర్ నెమ్మదించి, కావలసిన క్షణం జారిపోతుంది. ఫోను మా తమ్ముడి చేతికిచ్చి శ్రీశైలం బయలుదేరాను. దోమలపెంట దాటి కృష్ణ దగ్గరికి దిగి, ఆనకట్ట దాటాక సున్నిపెంట వైపు ఎక్కే మలుపుల్లో బండి చతికిలబడింది. ఇంటికొచ్చి గ్రాఫ్ చూస్తే విషయం బయటపడింది. ఐడిల్‌లో 280 బార్ దగ్గర నిలకడగా ఉండే రైల్ ప్రెషర్ ఎక్కుడులో 900 దాకా వెళ్లి, ఒక్కసారిగా 400కి పడిపోయింది. ఆ క్షణంలో ఇన్‌టేక్ ప్రెషర్ మాత్రం తగ్గలేదు, కాస్త తర్వాతే దిగింది. ముందు పడింది డీజిల్, గాలి కాదు. టర్బోను పక్కన పెట్టవచ్చు. యాప్ కిలోపాస్కల్‌లో చూపిస్తే 100తో భాగించండి, బార్ వస్తుంది.

పాత రికార్డులు కూడా తిరగేస్తే ఇంకొకటి కనిపించింది. పికప్ పోయిన ప్రతిసారీ ట్యాంకులో డీజిల్ పావు వంతు కన్నా తక్కువే ఉంది.

ఈ ముక్క పట్టుకుని లారీల పంపులు, నాజిళ్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన గ్రాఫ్ వైపు ఎక్కువసేపు చూడలేదు. "ట్యాంకు తగ్గితేనే వస్తోందా బాబూ? అయితే ముందు గాలి సంగతి చూద్దాం" అన్నారు. నాలుగు నాజిళ్ల రిటర్న్ పైపులను నాలుగు చిన్న సీసాల్లో పెట్టి ఇంజిన్ నడిపారు. నాలుగింటిలోనూ డీజిల్ ఒకే ఎత్తుకు చేరింది, అంటే నాజిళ్లు బాగున్నాయి. తర్వాత ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య జానెడు పారదర్శకమైన పైపు ముక్క కలిపారు. ఐడిల్‌లో తేనె రంగు డీజిల్ తేటగా పోతోంది. ఆర్‌పీఎం పెంచగానే ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఫిల్టర్ దగ్గరి కనెక్టర్‌లో రబ్బరు రింగు గట్టిపడి పగిలి ఉంది.

నా కారులో ట్యాంకు లోపల పంపు లేదు. హై ప్రెషర్ పంపుతో కలిసి ఉన్న చిన్న పంపే అక్కడి నుంచి డీజిల్‌ను లాక్కుంటుంది. లాగే పైపులో సందు పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కింద ఒక్క చుక్క కూడా పడలేదు. ట్యాంకు తగ్గేకొద్దీ ఎక్కువ బలంగా లాగాలి, అప్పుడు గాలి ఎక్కువ చేరుతుంది. కనెక్టరు, పైపు, కూలీ కలిపి 850 రూపాయలు. ఆ తర్వాత శ్రీశైలం మూడుసార్లు వెళ్లొచ్చాను, రెండుసార్లు కావాలనే ట్యాంకు తక్కువ పెట్టుకుని. పికప్ పోలేదు.

ఒక హెచ్చరిక. ఈ పరీక్షలన్నీ తక్కువ ప్రెషర్ ఉన్న వైపు చేసినవి. పాత డీజిల్ ఇంజిన్లలో నాజిల్ నట్టు వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో చూసేవారు. ఇలా ఒకే రైల్ నుంచి నాజిళ్లకు డీజిల్ వెళ్లే కామన్ రైల్ ఇంజిన్ నడుస్తుండగా ఆ పని ఎప్పుడూ చేయకండి, చేయనివ్వకండి. ఆ ప్రెషర్‌తో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

అడాప్టర్ లోపాలకొస్తే, 450 రూపాయలకు కొన్న మొదటిది దారి మధ్యలో ఫోను నుంచి తెగిపోయేది. ఏడాదికి విసిగి 1,900 పెట్టి ఇంకొకటి తీసుకున్నాను, ఇప్పటికీ అదే. కంపెనీలు సొంతంగా పెట్టుకున్న కోడ్‌లను ఇది చదవలేదు, బ్రేకులను చూసుకునే ఏబీఎస్ జోలికి వెళ్లలేదు. సాకెట్‌లోనే వదిలేస్తే బ్యాటరీని తాగుతూ ఉంటుంది. పన్నెండు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి బండి స్టార్ట్ కాలేదు, అప్పటి నుంచి పని కాగానే తీసేస్తున్నాను. కోడ్‌ను చెరిపే బటన్ మాత్రం తొందరపడి నొక్కకండి. లోపం వచ్చిన క్షణంలో వేగం, ఆర్‌పీఎం, వేడి ఎంతున్నాయో కంప్యూటర్ దాచుకున్న వివరాలు దాంతోపాటే పోతాయి. ముందు ఫోనులో ఆ పేజీని భద్రపరచుకుని, మెకానిక్‌కు చూపించాకే చెరపండి.